రూపాయి తగ్గితే ఇంటికి లాభం, దేశానికి నష్టమా?

ప్రశ్న: నేను దేవరకొండ దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మా పెద్దబ్బాయి డాలస్‌లో హెచ్‌-1బీ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు, నెలనెలా ఇంటికి కొంత పంపుతాడు. రూపాయి పడిపోతున్న కొద్దీ మనకు మంచిదేనని మావారు సంతోషపడుతున్నారు. పెద్దఅడిశర్లపల్లి మండలంలో పత్తి, బత్తాయి సాగు చేసే మా తమ్ముడు మాత్రం, మీ డాలర్ల సంబురం మా మీద పడుతున్నదని అంటాడు. మా అమ్మాయికి అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చింది. బ్యాంకు అప్పు తీసుకోవాలా, కొండమల్లేపల్లిలో ఉన్న ప్లాటు అమ్మాలా అన్నది తేలడం లేదు. ఇంకొక సందేహం కూడా ఉంది. చదువుకున్న పిల్లలు ఇట్లా వెళ్లిపోతే దేశానికి నష్టమా, డాలర్లు వస్తున్నాయి కాబట్టి లాభమా? తరగతిలో పిల్లలు అడిగితే సూటిగా చెప్పలేకపోయాను.

సమాధానం: మీవారు చెప్పినదీ, మీ తమ్ముడు చెప్పినదీ రెండూ నిజమే, ఎందుకంటే ఇద్దరూ వేర్వేరు ఖాతాల గురించి మాట్లాడుతున్నారు. రూపాయి విలువ తగ్గినప్పుడు ఎవరికి మేలు జరుగుతుందో తెలియాలంటే, వారి రాబడి ఏ కరెన్సీలో వస్తోంది, వారి ఖర్చులూ అప్పులూ ఏ కరెన్సీలో ఉన్నాయి అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే సరిపోతుంది. మీ పెద్దబ్బాయి రాబడి డాలర్లలో ఉంది, ఇక్కడ అతను మోసే బాధ్యతలు రూపాయల్లో ఉన్నాయి కాబట్టి అతనికి లాభం. మీ తమ్ముడి రాబడి రూపాయల్లో ఉంది, పెట్టుబడిలో కొంత భాగం విదేశాల నుంచి వచ్చే సరుకు కాబట్టి అతనికి భారం. మీ అమ్మాయి విషయం ఈ రెండింటికీ మధ్యలో ఉంది, అందుకే దాన్ని చివరకు వివరంగా చూద్దాం.

దేశాన్ని కూడా ఇదే ప్రశ్నలతో చూడవచ్చు. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది. వంటనూనెలో సగానికి మించి దిగుమతే. పొటాష్ ఎరువు దాదాపు పూర్తిగా దిగుమతి. బంగారం సంగతి చెప్పనక్కరలేదు. వీటన్నింటి వల్ల వస్తువుల వ్యాపారంలో మన దేశానికి 2024-25లో సుమారు 28 వేల కోట్ల డాలర్ల లోటు ఏర్పడింది, అంటే మనం అమ్మిన సరుకు కంటే కొన్న సరుకు విలువ అంత ఎక్కువ. ఇంత లోటుతో రూపాయి ఎప్పుడో కుప్పకూలాలి. కూలకపోవడానికి రెండు ప్రవాహాలు కారణం. మొదటిది సాఫ్ట్‌వేర్ తదితర సేవల ఎగుమతి: దిగుమతి చేసుకున్న సేవలు పోను అదే ఏడాది దాదాపు 19 వేల కోట్ల డాలర్లు మిగిలాయి. రెండోది విదేశాల్లో పనిచేసే మనవాళ్లు పంపిన డబ్బు: అది 13,500 కోట్ల డాలర్ల పైమాటే, ప్రపంచంలో మరే దేశానికీ అంత రాలేదు. ఈ రెండూ కలిసి సరుకుల లోటును పూడ్చగా, విదేశీ కంపెనీలు ఇక్కడి లాభాలను, వడ్డీలను తీసుకెళ్లడం వల్ల చివరికి కరెంట్ ఖాతాలో, అంటే విదేశాలతో దేశం జరిపే రాబడి, చెల్లింపుల లెక్కలో, స్థూల దేశీయోత్పత్తిలో ఒక శాతం కంటే తక్కువ లోటు మాత్రమే మిగిలింది. పిల్లలు అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. చదువుకొని వెళ్లినవారు పంపే డబ్బూ, చదువుకొని ఇక్కడే ఉండి విదేశీ కంపెనీలకు పనిచేసేవారి సంపాదనా లేకపోతే డాలరు విలువ నేడు ఉన్న చోట ఆగేది కాదు.

మన రాష్ట్రం వాటా కూడా చిన్నది కాదు. రిజర్వ్ బ్యాంకు 2023-24 సంవత్సరానికి చేసిన సర్వేలో విదేశాల నుంచి వచ్చిన డబ్బులో మహారాష్ట్ర, కేరళ, తమిళనాడు తర్వాత సుమారు 8 శాతంతో తెలంగాణ నాలుగో స్థానంలో ఉంది. అదే సర్వేలో మొత్తం డబ్బులో అమెరికా నుంచి వచ్చినది 28 శాతానికి దగ్గరగా ఉండగా, యూఏఈ నుంచి వచ్చినది 19 శాతం. కరీంనగర్, నిజామాబాద్ వైపు గల్ఫ్ వలస ఎంత పెద్దదో మనకు తెలుసు, పాలమూరు కూలీలు దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి మోసిన చరిత్రా తెలుసు. ఇప్పుడు డబ్బు రాకలో ముందున్నది నైపుణ్యం ఉన్నవారి వలస.

ఈ డబ్బు ఆగితే ఏమవుతుందో 1991లో ఒకసారి చూశాం. గల్ఫ్ యుద్ధం వల్ల చమురు ధర పెరిగింది, కువైట్ నుంచి మనవాళ్లు వట్టి చేతులతో తిరిగివచ్చారు, భయపడిన ప్రవాస భారతీయులు ఇక్కడి బ్యాంకుల్లో దాచుకున్న డిపాజిట్లను వెనక్కి తీసుకున్నారు. కొద్ది వారాల దిగుమతులకు సరిపడే విదేశీ మారకం మాత్రమే మిగలడంతో రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టింది. పీవీ నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా ఉన్న ప్రభుత్వం జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువను తగ్గించింది, అప్పటికి 21 రూపాయలున్న డాలరు 26 దాకా వెళ్లింది. ప్రవాసుల సొమ్ము కష్టంలో ఆదుకుంటుందన్న మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలని నేను అనేది ఇందుకే. ఇంటికి నెలనెలా పంపే డబ్బు నమ్మకమైనది, తల్లిదండ్రులకు అవసరం పెరిగితే పెరుగుతుంది కూడా. బ్యాంకులో వడ్డీ కోసం దాచిన డిపాజిట్ అట్లా కాదు, భయం పుట్టగానే అది ముందు వెళ్లిపోతుంది. దాన్ని మళ్లీ రప్పించుకోవడానికి ప్రభుత్వం అదనంగా చెల్లించవలసి వస్తుంది. 1998లో ప్రవాసులకు అమ్మిన రిసర్జెంట్ ఇండియా బాండ్లతోనూ, 2013లో డాలరు 68 రూపాయలు దాటినప్పుడు ప్రవాసులు విదేశీ కరెన్సీలోనే దాచుకునే ప్రత్యేక ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లతోనూ జరిగింది అదే. రెండోసారి ప్రవాసుల నుంచి 2,600 కోట్ల డాలర్ల వరకు వచ్చాయి, మారకపు నష్టంలో కొంత రిజర్వ్ బ్యాంకు తన మీద వేసుకుంది.

రూపాయి విలువను ఒకప్పుడు ప్రభుత్వమే నిర్ణయించేది: 1966 జూన్ 6న ఒక్క నిర్ణయంతో డాలరును 4 రూపాయల 76 పైసల నుంచి 7 రూపాయల 50 పైసలకు మార్చింది. 1993 నుంచి ఆ పద్ధతి లేదు. డాలర్లు కావలసినవారూ అమ్మేవారూ కలిసే బజారులో ధర నిర్ణయమవుతుంది, రిజర్వ్ బ్యాంకు మరీ పెద్ద ఊగిసలాట వచ్చినప్పుడు తన నిల్వల్లోంచి డాలర్లు అమ్మి గానీ కొని గానీ సర్దుతుంది. 1991 జూలైలో 26 రూపాయలున్న డాలరు 2025 డిసెంబరు తొలివారంలో 90 దాటింది. ఏటా సగటు లెక్కవేస్తే అది సుమారు మూడున్నర శాతం పెరుగుదల. ఇక్కడ ధరలు అక్కడికంటే వేగంగా పెరగడమే దీనిలో పెద్ద భాగానికి కారణం. మన రిజర్వ్ బ్యాంకు ద్రవ్యోల్బణ లక్ష్యం 4 శాతం, అమెరికాది 2 శాతం. ఈ తేడా ఉన్నంతకాలం రూపాయి మెల్లగా జారడం అసహజం కాదు, దాన్ని పరువు సమస్యగా చూడనవసరం లేదు. ప్రమాదం వేగంలో ఉంది: మూడు నెలల్లో పది శాతం పడితే, పాత ధరకు సరుకు కుదుర్చుకున్న దిగుమతిదారు మునుగుతాడు, డాలర్లలో అప్పు తెచ్చిన కంపెనీ మునుగుతుంది.

ఇక మీ తమ్ముడి ఫిర్యాదు. అతని మాటలో నిజం ఉన్నా, అతను అనుకున్న దారిలో లేదు. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలే, డీఏపీ 1,350 రూపాయలే. డాలరు ఎంత పెరిగినా ఆ ధరలు అతని దగ్గరకు వచ్చేసరికి మారడం లేదు, ఎందుకంటే తేడా మొత్తాన్ని కేంద్రం సబ్సిడీగా భరిస్తోంది. అంటే రూపాయి పతనం అతని జేబుకు బదులు ఖజానాకు తగులుతోంది, ఖజానాకు తగిలినది ఎప్పుడో ఒకప్పుడు బస్తా దొరకకపోవడం రూపంలోనో, సబ్సిడీ కోత రూపంలోనో ఊళ్లోకి వస్తుంది. అతనికి నేరుగా తగిలేవి వేరే ఉన్నాయి: పురుగుమందులు, వాటి ముడి రసాయనాలు, డ్రిప్ పైపుల ప్లాస్టిక్, ఇంట్లో పామాయిల్, సన్‌ఫ్లవర్ నూనె.

అమ్మకం వైపు చూస్తే బత్తాయికి డాలరుతో పెద్ద సంబంధం లేదు, అది దేశంలోని మార్కెట్లలోనే ఎక్కువగా అమ్ముడుపోయే పండు. పత్తి సంగతి వేరు. పత్తి ధర ప్రపంచ బజారుతో ముడిపడి ఉంది కాబట్టి, రూపాయి తగ్గితే బయటి పత్తి మిల్లులకు ఖరీదై, మన పత్తికి గిరాకీ పెరగాలి. సూత్రం ప్రకారం మీ తమ్ముడు లాభపడవలసినది ఇక్కడే. కానీ 2025 ఆగస్టులో కేంద్రం పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని ఆ ఏడాది చివరి వరకు ఎత్తివేసింది, దాంతో మారకపు రేటు ఇవ్వగలిగిన రక్షణ కంటే ఎక్కువే పోయింది. బియ్యానికీ అంతకుముందు ఇట్లాగే జరిగింది. 2023 జూలైలో బాస్మతియేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరు దాకా తెరవలేదు, ఆ కాలంలో డాలరు ధర ఎంత ఉన్నా మిర్యాలగూడ మిల్లర్లకు ఒరిగేది తక్కువ. రూపాయి తగ్గితే రైతుకు ఎగుమతి లాభం వస్తుందని పాఠ్యపుస్తకం చెప్పే మాట నిజం కావాలంటే, ఆ లాభం వచ్చే సమయానికి ప్రభుత్వం తలుపు మూయకుండా ఉండాలి. మన దగ్గర ధర పడిపోయినప్పుడు నష్టం రైతుదీ, పెరిగినప్పుడు రక్షణ పట్టణ వినియోగదారుదీ అన్నట్టుగా విధానం నడుస్తోందని నా అభిప్రాయం. మీ తమ్ముడి కోపం డాలర్ల మీద కంటే దీని మీద ఉంటే న్యాయంగా ఉంటుంది.

మేధో వలస గురించి మీ విద్యార్థులకు చెప్పవలసినది కొంచెం చిక్కైనది. జగదీశ్ భగవతి అనే ఆర్థికవేత్త 1970లలో, పేద దేశాలు ఖర్చుపెట్టి చదివించిన నిపుణులు ధనిక దేశాలకు వెళ్లినప్పుడు వారి ఆదాయంపై కొంత పన్ను వేసి ఆ సొమ్మును స్వదేశానికి ఇవ్వాలని ప్రతిపాదించారు. అది అమలు కాలేదు గానీ ప్రశ్న మిగిలే ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఇంజినీరింగ్ చదివిన మన పిల్లల విషయంలో అది మరింత సూటిగా తగులుతుంది. ఒక ఇంజినీరు హైదరాబాద్‌లో ఉండి అమెరికా కంపెనీకి పనిచేస్తే ఆ పనికి వచ్చే డాలర్లు మొత్తం దేశంలోకి వస్తాయి, అతని పన్ను ఇక్కడ పడుతుంది, అతని ఇంటి అద్దె, కూరగాయలు, పిల్లల ఫీజులు ఇక్కడే ఖర్చవుతాయి. అదే ఇంజినీరు డాలస్‌లో ఉంటే జీతం ఎన్నో రెట్లు ఎక్కువ, కానీ దానిలో పెద్ద భాగం అక్కడే ఖర్చయి, ఇంటికి పంపిన భాగం మాత్రమే ఇక్కడికి చేరుతుంది. మీ అబ్బాయి జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం, మెడికేర్ కింద 1.45 శాతం కోత పడుతుంది, సోషల్ సెక్యూరిటీ పింఛనుకు అర్హత రావాలంటే సుమారు పదేళ్ల పని పూర్తి కావాలి. ఈ విషయంలో భారత్‌కూ అమెరికాకూ మధ్య ఒప్పందం లేదు కాబట్టి, ఆ లోపు తిరిగివచ్చినవారి సొమ్ము అక్కడే ఉండిపోతుంది. అమెరికా ఆర్థిక వ్యవస్థకు నైపుణ్య వలస లాభసాటి కావడానికి ఇది ఒక చిన్న కారణం మాత్రమే. పెంచి చదివించే ఖర్చు లేకుండా, పన్ను కట్టే వయసులో ఉన్న మనిషి దొరకడం అసలు కారణం.

అయితే వెళ్లినవారు లేకుంటే ఇక్కడి ఐటీ పరిశ్రమ పుట్టేదా అన్నది కూడా ఆలోచించాలి. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న భయం (వై2కే) ఉన్న కాలంలో వెళ్లినవారే అక్కడి కంపెనీలకు ఇక్కడి నైపుణ్యాన్ని పరిచయం చేశారు, వారిలో కొందరు తిరిగివచ్చి ఆఫీసులు తెరిచారు. సాఫ్ట్‌వేర్ విషయంలో లాభనష్టాలు కలిపి చూస్తే దేశం నష్టపోలేదన్నది నా నిర్ణయం. వైద్యుల విషయంలో అట్లా అనలేను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఖాళీగా ఉన్న కుర్చీని డాలర్లు నింపవు. ఇంకొక సంగతి కూడా ఉంది. వచ్చిన డాలర్లు ఎక్కడికి పోతున్నాయో మీ ఊరి చుట్టూ చూస్తే తెలుస్తుంది. చాలా భాగం ప్లాట్లలోకీ వెంచర్లలోకీ పోయి భూమి ధరను పెంచాయి గానీ కొత్తగా పని పుట్టించలేదు. ఇక్కడే జీతం సంపాదించుకుంటున్న ఉపాధ్యాయుడు ఇల్లు కట్టుకోలేకపోవడానికి అది కూడా కారణం.

ఇప్పుడు మీ అమ్మాయి. రూపాయి గురించి మీరు పడుతున్న ఆందోళన కంటే, అక్కడ ఉద్యోగం, వీసా దొరకడం గురించిన ఆందోళన ఎక్కువగా ఉండాలి. హెచ్‌-1బీ వీసాలు ఏడాదికి 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చదివినవారికి మరో 20 వేలు. ఈ సంఖ్య చాలా ఏళ్లుగా మారలేదు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించారు. అమెరికాలోనే చదువుకుంటూ విద్యార్థి వీసా నుంచి హెచ్‌-1బీకి మారేవారికి అది వర్తించదని ఆ తర్వాత అక్కడి వలస విభాగం స్పష్టం చేసింది. ఎంపికలో ఎక్కువ జీతం ఉన్నవారికి ఎక్కువ అవకాశం ఇచ్చే పద్ధతి కూడా తెచ్చారు, ఇది కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి అనుకూలం కాదు. సైన్స్, ఇంజినీరింగ్ చదివినవారికి చదువు తర్వాత ఓపీటీ కింద 12 నెలలు, పొడిగింపుతో మరో 24 నెలలు పని చేసుకునే వీలు ఉంది. నిబంధనలు తరచూ మారుతున్నాయి కాబట్టి, బయలుదేరే ముందు మరోసారి చూసుకోండి.

దీన్ని బట్టి అప్పును రెండు విధాలుగా లెక్కకట్టి చూడండి. 40 లక్షల రూపాయల అప్పు, పదిన్నర శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెల కిస్తీ సుమారు 54 వేలు. డాలరు 90 రూపాయలైతే అది 600 డాలర్లు, అక్కడ ఉద్యోగం ఉన్నవారికి బరువు కాదు, రూపాయి ఇంకా తగ్గితే మరింత తేలికవుతుంది. అమ్మాయి తిరిగివచ్చి హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగంలో చేరితే అవే 54 వేలు ఆమె జీతం మొత్తాన్ని మింగవచ్చు. చదువు కాలంలో పేరుకునే వడ్డీని ఇందులో కలపలేదు. కాబట్టి తిరిగివచ్చిన రోజున ఇక్కడి జీతంతో, మీ జీతంలోంచి మీరు ఇవ్వగల సాయంతో కట్టగలిగినంత అప్పే చేయండి. అంతకు మించి కావలసివస్తే తక్కువ ఫీజు ఉన్న విశ్వవిద్యాలయం చూడమనండి. మరొక సంగతి: బ్యాంకు అప్పును రూపాయల్లో మంజూరు చేస్తుంది, ఫీజు మాత్రం ప్రతి సెమిస్టరుకూ డాలర్లలో కట్టాలి. 50 వేల డాలర్ల ఖర్చు 83 రూపాయల దగ్గర 41 లక్షల 50 వేలు, 90 దగ్గర 45 లక్షలు. మధ్యలో రూపాయి తగ్గితే ఆ తేడా మీ చేతి నుంచి పడుతుంది, అందుకని మంజూరు పదిశాతం ఎక్కువకు తీసుకొని, అవసరమైనంతే వాడుకోండి.

చెల్లెలి ఫీజును అన్న డాలర్లలోనే అక్కడ కట్టగలిగితే అన్నిటికంటే మేలు, డాలర్లను రూపాయలు చేసి మళ్లీ డాలర్లు చేసే రెండు మార్పిళ్ల ఖర్చు తప్పుతుంది. రూపాయి ఇంకా పడేదాకా ఆగి పంపుతానని అతను అంటే ఒప్పుకోవద్దు, ఆ అడుగు ఎక్కడ ఉందో రిజర్వ్ బ్యాంకుకు కూడా తెలియదు. ఇక్కడ ఖర్చయ్యే డబ్బును నెలనెలా పంపమనండి. దాచుకునే డబ్బులో ఇక్కడే వాడేది ప్రవాసులకు ఉండే ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో రూపాయల్లో ఉండవచ్చు, తిరిగి అమెరికాకు తీసుకెళ్లవలసినది డాలర్లలోనే ఉండే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్‌లో ఉండాలి, అందులో మారకపు నష్టం అతనికి తగలదు. 2026 జనవరి నుంచి అమెరికా విధించిన ఒక శాతం పన్ను నగదు, మనీ ఆర్డర్ల వంటి వాటితో పంపే డబ్బుకే, బ్యాంకు ఖాతా నుంచి పంపితే లేదు.

ప్లాటు అమ్మడానికి ముందు రెండు పన్ను విషయాలు చూసుకోండి. చదువు కోసం విదేశాలకు సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తంపై బ్యాంకు ముందే పన్ను వసూలు చేస్తుంది. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుంటుంది. గుర్తింపు పొందిన ఆర్థిక సంస్థ నుంచి తెచ్చిన విద్యా రుణమైతే 2025 ఏప్రిల్ నుంచి ఆ వసూలు లేదు. విద్యా రుణంపై కట్టే వడ్డీకి ఆదాయపు పన్నులో ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది, కానీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. మీరు కొత్త విధానంలోకి మారిపోయి ఉంటే ఆ లాభం మీకు రాదు. అప్పుడు ప్లాటు అమ్మగా వచ్చే సొమ్ము మీద కట్టవలసిన పన్నునూ, పదేళ్ల వడ్డీనీ పక్కపక్కన వేసి చూసి, సగం అప్పు, సగం అన్న పంపే డాలర్లు అన్న దారి కుదురుతుందేమో ముందు చూడండి. అది కుదిరితే ప్లాటు జోలికి ఈ ఏడాది పోనక్కరలేదు.